పాత వయొలిన్‌ను పరిశీలించడం – మూడో పాఠం: మెడ, మూలలు, లేబుల్

కలపను గుర్తించడం గత పాఠంలో చూశాం: పై పలక స్ప్రూస్, వెనుక పలక మేపుల్. ఈసారి పనితనం చూద్దాం. పై పలకలోని ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి లేబుల్ కనిపిస్తున్నా ఇప్పుడే చదవకండి. చదివితే కళ్లు దాన్ని సమర్థించే ఆధారాలనే వెతుకుతాయి.

ముందు బిరడాల పెట్టె, అంటే తీగలు బిగించే బిరడాలు ఉండే భాగం చూడండి. దాని పక్క గోడల మీద, మెడ కలిసే చోట, సన్నని అతుకు గీత ఉందా? 1800కు ముందు చేసిన వయొలిన్లకు మెడ సాధారణంగా కాస్త పొట్టిగా ఉండేది. తర్వాతి కాలంలో వాటి తలభాగాన్ని అలాగే ఉంచి, పొడవైన కొత్త మెడను అతికించారు. అందుకే ఆ అతుకుకు అంత విలువ. అయితే పాతదిగా కనిపించాలని ఉత్త గీత గీసి వదిలేసిన వాయిద్యాలూ ఉన్నాయి. భూతద్దం పెట్టి కలప నారను అనుసరించండి. నిజమైన అతుకు దగ్గర నార తెగిపోయి, అవతల మరో తీరులో మొదలవుతుంది. ఉత్త గీతయితే నార దాన్ని దాటి అలాగే సాగిపోతుంది. తొందరపడకండి, వెలుతురు పడే కోణం మార్చి మళ్లీ చూడండి. విరిగిన మెడను బాగుచేసినప్పుడూ ఇలాంటి అతుకే మిగలవచ్చు కాబట్టి, దీని ఒక్కదాని మీదే వయసు తేల్చకూడదు.

తర్వాత చుట్టను, అంటే తల చివర శంఖంలా మెలితిరిగిన భాగాన్ని, వెనుక నుంచి చూడండి. దాని మీది జంట గాడులు కిందివరకూ తిరిగి, బిరడాల పెట్టెను తాకేదాకా చెక్కి ఉన్నాయా? జర్మనీలో, సాక్సనీలోని మార్క్‌నాయ్‌కిర్ఖెన్ ప్రాంతంలో వ్యాపారం కోసం పెద్ద సంఖ్యలో చేసిన వయొలిన్లలో అవి తరచూ ముందే ఆగిపోతాయి. చిన్న అద్దం, దీపం ఉంటే లోపలి మూలలు కూడా చూడండి. ఆ రకం వాటిలో చాలావాటికి మూల దిమ్మలు, అంటే మూలలను లోపలి నుంచి బలపరిచే చిన్న చెక్క ముక్కలు, ఉండవు.

ఇప్పుడు లేబుల్ చదవండి. ప్రఖ్యాత ఇటాలియన్ వయొలిన్ తయారీదారు స్ట్రాడివారి పేరు కనిపిస్తే ఉప్పొంగిపోకండి. ఆయన 1737లో మరణించారు. ఆయన నమూనాను అనుసరించామని తెలిపేందుకు జర్మనీ, ఫ్రాన్స్ కార్ఖానాలు లెక్కలేనన్ని వయొలిన్లలో ఆ పేరే అంటించాయి. దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. కాబట్టి లేబుల్ మీద ఆంగ్లంలో జర్మనీ అని ఉంటే అది సాధారణంగా 1891 తర్వాతిదే.

చేసినవారి పేరు తేలకపోయినా చుట్ట మలుపులో ఉలి ఎంత నమ్మకంగా నడిచిందో మీకు కనబడుతుంది. నాకు ఆ వాయిద్యం మీద గౌరవం కలగడానికి అది చాలు.

అభ్యాసం: నోటుపుస్తకంలో ఒక పేజీలో చూసినవి, ఎదురు పేజీలో ఊహించినవి రాయండి. వచ్చే పాఠంలో వార్నిష్, అరుగుదల.