కారు మొరాయించినప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

విజయవాడలో పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నాను. సొంత కార్లతో పాటు అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ల కార్లు తీసుకుని కూడా ఆటోనగర్ మెకానిక్ షెడ్ల చుట్టూ చాలా తిరిగాను. చెడిపోయిన వస్తువుకు అయ్యే ఖర్చు చాలాసార్లు తక్కువే. చెడిపోయిన మొదటి పది నిమిషాల్లో మనం కంగారుపడి చేసే పని దాన్ని పెంచేస్తుంది. అందుకే ఏం చేయాలో చెప్తూనే, ఏం చేయకూడదో గట్టిగా చెప్తున్నాను.

తాళం తిప్పితే టిక్ టిక్ మంటుంది, స్టార్ట్ కాదు

ముందు హెడ్‌లైట్ వేసి చూడండి. వెలుగు మసకగా ఉండి, తాళం తిప్పగానే ఇంకా తగ్గిపోతే బ్యాటరీ డౌన్ అయినట్టు. వెలుగు బాగానే ఉండి, లోపల ఒక్కసారి టక్ మని ఆగిపోతే ఇంజన్‌ని మొదట తిప్పే సెల్ఫ్ మోటార్‌నో, దాని కనెక్షన్‌నో అనుమానించాలి. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా ఇంజన్ అందుకోవడం లేదంటే బ్యాటరీ జోలికి వెళ్లకండి. ఇంధనం అందడం లేదు, లేదా స్పార్క్ రావడం లేదు.

బ్యాటరీ అని తేలినా వెంటనే కొత్తది కొనేయొద్దు. బానెట్ ఎత్తి టెర్మినల్స్ చూడండి. తెల్లగానో, నీలం ఆకుపచ్చ కలిసిన రంగులోనో పొడి పేరుకుపోయి ఉంటే కరెంటు సరిగా పోవడం లేదన్నమాట. ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ వైరు విప్పండి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక ముందు పాజిటివ్, తర్వాత నెగెటివ్ బిగించి, పైన కాస్త వేజలీన్ రాయండి. చాలా కార్లు దీంతోనే లేచి కూర్చుంటాయి.

మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. రాకపోతే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయడం లేదు. ఇది చూసుకోకుండా కొత్త బ్యాటరీ వేస్తే వారం తిరక్కముందే అదీ పడుకుంటుంది.

పక్క కారు నుంచి కేబుల్స్‌తో స్టార్ట్ చేయాలంటే వరుస తప్పకూడదు. ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయిన బ్యాటరీ పాజిటివ్‌కి, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కి. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ నెగెటివ్‌కి, రెండో కొస మన కారు ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. డౌన్ అయిన బ్యాటరీ నెగెటివ్‌కి నేరుగా తగిలిస్తే పక్కనే నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీలో మండే వాయువు ఉంటుంది. విప్పేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి. గేర్ల కారైతే రెండో గేరులో వేసి నెట్టి స్టార్ట్ చేయొచ్చు. ఆటోమేటిక్‌ని ఎంత నెట్టినా స్టార్ట్ కాదు, నలుగురి నడుములు నొప్పి పెట్టడం తప్ప.

ఎండాకాలంలో టెంపరేచర్ సూది పైకి పోతోంది

మే నెలలో హైదరాబాద్ హైవే మీద బానెట్లు ఎత్తి నిలబడ్డ కార్లు చూస్తూనే ఉంటాం. సూది మధ్య గీత దాటి పైకి కదలగానే ఏసీ ఆపేయండి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. ఆ ఎండలో హీటర్ పెట్టడం నరకమే, కానీ ఇంజన్ వేడిని కొంత లాగి బయటికి పంపే దారి అదొక్కటే. నీడ చూసి పక్కకు ఆపండి. సూది పూర్తిగా పైకి పోయినా, ఆవిరి కనిపించినా ఇంజన్ కట్టేయండి.

ఇక్కడ చేయకూడనివి రెండు. రేడియేటర్ మూత వెంటనే తీయొద్దు. లోపల కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, ఒత్తిడి మీద మరుగుతుంటుంది, మూత తిప్పగానే ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం ముప్పావు గంట ఆగండి. కాలిపోతున్న ఇంజన్ మీద చన్నీళ్లు పోయొద్దు. ఇంజన్ పైభాగం, అంటే హెడ్, పగిలే ప్రమాదం ఉంది.

కారణం తెలుసుకోవడానికి ఒక గుర్తు. ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే సూది దిగిపోతుంటే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరుసలో చూపించండి. ఫ్యూజు పోయి ఉంటే ఖర్చు పదుల్లోనే. హైవే మీద, అదీ ఎక్కువ స్పీడులో వేడెక్కుతుంటే కూలెంట్ తగ్గిందనో, రేడియేటర్ లోపల పూడిందనో అర్థం. ఆయిల్ మూత అడుగున పాలమీగడ లాంటి జిగురు, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లటి పొగ కనిపిస్తే హెడ్ కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయినట్టే. అప్పుడు నడపకుండా టోయింగ్ పిలవండి.

అత్యవసరంలో కూలెంట్ డబ్బాలో మంచినీళ్లు పోసినా తప్పులేదు. ఆ నీళ్లతోనే నెలల తరబడి తిప్పడం తప్పు. బోరు నీళ్ల ఉప్పు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో గార కడుతుంది.

కారు నీళ్లలో మునిగింది

ఇది మా ఊరివాళ్లకు మర్చిపోలేని విషయం. 2024 సెప్టెంబరు మొదటి రోజు బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు వేల ఇళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. రోజుల తరబడి కార్లు అలాగే నానాయి. నీళ్లు తగ్గాక మా బంధువు ఒకాయన చేసిన మొదటి పని, తాళం పెట్టి స్టార్ట్ చేసి చూడటం. ‘ఒక్కసారి కొట్టి చూద్దాం’ అన్నాడు. దడ్ మని ఒక్క చప్పుడు, అంతే.

లోపల జరిగింది ఇదీ. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరాయి. గాలిని నొక్కితే కుంచించుకుపోతుంది. నీళ్లు అలా నొక్కుకుపోవు. సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ పైకి వచ్చి ఆ నీళ్లను గుద్దుకుంది, కింద కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. దీన్నే షెడ్డులో ‘హైడ్రో లాక్’ అంటారు. మెకానిక్ ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) లాగి గుడ్డతో తుడవకుండా అలాగే చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో, పుల్ల చివర బొట్టుబొట్టుగా జారుతోంది. ‘సార్, తాళం పెట్టకపోతే కడిగి ఇచ్చేవాణ్ని’ అన్నాడు. ఆ మాట విన్నాక మా వాడి ముఖం చూడలేకపోయాను.

కాబట్టి నీళ్లు డోరు కింది అంచు దాటి లోపలికి వచ్చాయంటే తాళం ముట్టుకోవద్దు. పుష్ బటన్ కారైతే అది కూడా నొక్కొద్దు. నీటి గీత కనిపించేలా లోపలా బయటా ఫొటోలు తీయండి, ఎందుకంటే బురద ఎండాక ఆ గీత చెరిగిపోతుంది. బ్యాటరీ నెగెటివ్ విప్పండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. కారును తాడు కట్టి లాగించకుండా, చక్రాలు నేలకు తగలని టోయింగ్ బండి మీద షెడ్డుకు పంపండి. అక్కడ ప్లగ్గులు విప్పి నీళ్లు తీసి, ఆయిళ్లన్నీ మార్చి, ఎయిర్ ఫిల్టర్ పడేసి, ఆ తర్వాతే ఇంజన్‌ని కదిలిస్తారు.

ఇన్సూరెన్స్ సంగతి. ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. మన కారు నష్టానికి కూడా ఇచ్చే కాంప్రహెన్సివ్ ఉంటే వరద నష్టం వస్తుంది, కానీ మునిగాక మనం స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పోయిందని నష్టం అంచనా వేసే సర్వేయర్ తేలిస్తే ఆ భాగం ఇవ్వరు. ‘ఇంజన్ ప్రొటెక్షన్’ అనే అదనపు కవర్ దీనికోసమే. చెరువు పక్కనో, కాలువ పక్కనో, సెల్లార్ పార్కింగ్‌లోనో కారు పెట్టేవాళ్లు ఈ ఒక్కటి తీసుకోండి, దయచేసి.

చిన్నగా మొదలయ్యే సూచనలు

బ్రేకు కొట్టినప్పుడు కీచుమంటే ప్యాడ్లు అరిగినట్టు, ఈ వారమే మార్పించండి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతే ఫ్లూయిడ్ తగ్గింది లేదా గాలి చేరింది, ఆ కారును రోడ్డెక్కించొద్దు. స్టీరింగ్ ఒక పక్కకు లాగితే ముందు టైర్ల గాలి చూసుకోండి, తర్వాత అలైన్‌మెంట్. ఎనభై దాటితే స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ మోత పెరుగుతూ స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయింది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర క్లచ్ సగం నొక్కి బండిని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఇది తొందరగా వస్తుంది. కారు కదులుతుంటే ఏసీ చల్లగా, ఆగితే వేడిగా వస్తుంటే గ్యాస్ నింపించేముందు కండెన్సర్ ఫ్యాన్ చూపించండి.

డాష్‌బోర్డులో పసుపు లైటు వస్తే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. ఎర్ర లైటు, ముఖ్యంగా ఆయిల్ డబ్బా గుర్తు వస్తే అక్కడికక్కడే ఆపేయాలి. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అనుకుని ఇంజన్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

నిన్నటిదాకా బాగున్న కారు ఈరోజు కుదుపులు

చెక్ ఇంజన్ లైటు కూడా వెలిగితే, స్కానర్ కంటే ముందు బానెట్ ఎత్తి చూడండి. నా కారుకు ఇలాగే అయితే, బ్యాటరీ పక్కన సగం కొరికిన జామకాయ, కొబ్బరి పీచుతో చేసుకున్న చిన్న పరుపు, దాని పక్కనే రబ్బరు ఊడి రాగి తీగ మెరుస్తున్న ఇంజెక్టర్ వైరు కనిపించాయి. ఎలుకలు. సర్వీస్ సెంటర్‌లో వైరింగ్ సెట్ మొత్తం మార్చాలన్నారు. ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ తెగిన రెండు వైర్లకు టంకం పెట్టి, స్లీవ్ తొడిగి ఇచ్చాడు. వారంటీలో ఉన్న కారుకు మాత్రం బయట వైరింగ్ ముట్టుకోనివ్వకండి, తర్వాత వారంటీ వర్తించదంటారు. పొగాకు కట్టలు వేలాడదీస్తే కొన్నాళ్లు పనిచేస్తాయి, వాసన పోగానే ఎలుకలు మళ్లీ వస్తాయి. చెత్త డబ్బా దగ్గర నుంచి పార్కింగ్ మార్చుకోవడం, రోజూ కాసేపైనా కారు తీయడం నాకు ఎక్కువ పనిచేశాయి.

క్లెయిమ్ పాసైంది, కానీ డబ్బు తక్కువ వచ్చింది

మోసం అనుకోకండి, లెక్క చూడండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. అద్దాలకు తరుగు లేదు. ఆపైన 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో వెయ్యి రూపాయలు, పెద్ద ఇంజన్‌కు రెండు వేలు మనమే పెట్టుకోవాలి. బంపర్ ఖరీదు 12 వేలైతే మీకు వచ్చేది 5 వేలు. తరుగు కోయకుండా ఉండాలంటే జీరో డెప్ అనే అదనపు కవర్ ఉండాలి.

ఇంకో నష్టం కనపడదు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును ఎన్‌సీబీ అంటారు, ఐదేళ్లు క్లెయిమ్ చేయకపోతే అది 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా. మన కారు నష్టం కోసం కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10 వేలు, అది మారదు అనుకుంటే, మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి వచ్చేలోపు మీరు అదనంగా కట్టేది మొత్తం 12,500 రూపాయలు. ఆ 5 వేల కోసం క్లెయిమ్ వేయాలా అన్నది ఈ లెక్క వేసుకున్నాకే తేల్చుకోండి. పాలసీ ముగిసి 90 రోజులు దాటినా ఎన్‌సీబీ పోతుంది. కారు అమ్మినా మాత్రం పోదు. అది కారుది కాదు, మీది. కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్, దగ్గరికి వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

అమ్మేసిన కారుకు నా ఫోన్‌కి చలానా

నేను ఒక మధ్యవర్తి ద్వారా కారు అమ్మాను. ఎనిమిది నెలల తర్వాత ఓవర్ స్పీడ్ చలానా నా ఫోన్‌కు వచ్చింది. పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చాను, ఆయన వాటిని ఆర్టీఓ ఆఫీసులో ఇవ్వనే లేదు. చలానా సంగతి అలా ఉంచండి, యాక్సిడెంట్ అయి ఉంటే? 2018లో సుప్రీంకోర్టు ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని అని చెప్పింది. పరిహారం మన మెడకే చుట్టుకునేది. అందుకే డబ్బు చేతికి వచ్చినా, ఆర్‌సీ కొత్త పేరుకు మారిందో లేదో రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో చూసేదాకా పని అయిపోలేదనుకోండి.

కొనేవాళ్లకు కూడా ఒక గడువు ఉంది. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని అడగాలి. పాలసీ పాత ఓనర్ పేరు మీదే ఉంటే మీ కారు డ్యామేజ్‌కి క్లెయిమ్ రాదు. పాత లోన్ ఉంటే, అది తీరిందని చెప్పే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికి వచ్చాకే మొత్తం డబ్బు ఇవ్వండి.

అద్దె కారు: గీత నాది కాదంటే వినరు

సెల్ఫ్ డ్రైవ్‌కి తీసుకునేముందు నంబర్ ప్లేటు చూడండి. సక్రమంగా అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెలిసినవాళ్ల తెల్ల బోర్డు కారు రోజుకింతని తీసుకుంటే చవకే. కానీ సొంత వాడకం పాలసీ ఉన్న కారును అద్దెకు తిప్పారని తెలిస్తే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించొచ్చు, ఆ నష్టం మీ ఇద్దరి మధ్య గొడవ అవుతుంది. కారు తీసుకునేటప్పుడు వెలుగులో చుట్టూ తిరిగి వీడియో తీయండి. బంపర్ కింది అంచు, నాలుగు వీల్ రిమ్ములు, అద్దం మూలలు, స్టెప్నీ, ఇంధనం సూది, కిలోమీటర్ల అంకె అన్నీ అందులో పడాలి. ఆ వీడియోను అక్కడే వాళ్ల నంబర్‌కి వాట్సాప్ చేయండి. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా వాళ్ల మనిషి పక్కనుండగా ఇంకో వీడియో తీసి, డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా రెండూ ఫోన్‌లో ఉంచుకోండి.