మన డబ్బు ఎవరి పనికి వెళ్తోంది? బ్యాంకు, ఫండ్ ఎంచుకునే ముందు ఇలా చూసుకోండి

2010 జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బీల భూములు, అంటే అక్కడి తడినేలలు, నిలిచాయి, ప్లాంటు రాలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇలాంటి ప్లాంటు గొడవలోనే కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి.

ఇలాంటి ప్లాంట్ల ఖర్చులో మామూలుగా 70 శాతం దాకా అప్పే ఉంటుంది. ఆ అప్పులో పెద్ద వాటా బ్యాంకులది. బ్యాంకు దగ్గరున్నది మనం దాచుకున్న సొమ్ము. బీల కోసం నిలబడిన ఇంట్లోని ఎఫ్‌డీయే ఇంకో ఊరి తడినేల మీద కట్టే ప్లాంటుకి అప్పుగా వెళ్లొచ్చు. అందుకే వడ్డీ ఎంత అని అడిగినప్పుడే, ఈ డబ్బుతో ఏం చేస్తారని కూడా అడగాలి.

1. వద్దనుకునేవి రాసుకోండి

మీ డబ్బు వెళ్లకూడదనుకునే వ్యాపారాలు రెండు మూడు చాలు. ఒకరికి మద్యం పడదు, ఇంకొకరికి జూదం. నా వరకు తడినేలల్లో బొగ్గు ప్లాంట్లు, పొగాకు, వాయిదా కట్టలేదని గుమ్మంలో కూర్చుని పరువు తీసే అప్పుల వ్యాపారం. ఈ మూడోదాని మీద 2010లో మన రాష్ట్రం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. చాంతాడంత జాబితా రాస్తే ఏదీ కొనలేరు, విసుగొచ్చి వదిలేస్తారు.

2. బ్యాంకు ఎవరికి అప్పిస్తోందో చూడండి

వాణిజ్య బ్యాంకులు తమ అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగానికి ఇవ్వాలి. సాగు, చిన్న పరిశ్రమలు, బలహీన వర్గాలు ఇందులోకి వస్తాయి. గ్రామీణ బ్యాంకులకైతే ఇది 75 శాతం. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అక్కడ వేసిన డబ్బు పలాస జీడిపప్పు బట్టీకో, పక్క వీధి డ్వాక్రా సంఘానికో చేరే అవకాశం ఎక్కువ. నేనైతే పొదుపులో కొంత భాగమైనా అక్కడే ఉంచమంటాను.

రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశాల నివేదికల్లో జిల్లాలవారీగా డిపాజిట్లు ఎంత, అప్పులు ఎంత అన్న లెక్కలుంటాయి. సిక్కోలులో పోగైన డబ్బు ఇక్కడే తిరుగుతోందా, బయటికి పోతోందా అన్నది అందులో తెలుస్తుంది.

భద్రత మాట: బ్యాంకు మూతపడితే ఒక్కో ఖాతాదారుకి, ఒక్కో బ్యాంకులో, వడ్డీతో కలిపి 5 లక్షల వరకు బీమా ఉంటుంది. ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో వేసిన డిపాజిట్‌కి ఈ బీమా వర్తించదు.

3. ఫండ్ పేరు చూసి నమ్మకండి, లోపల చూడండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, నిజానికి పని మాత్రం తేలిక. ప్రతి మ్యూచువల్ ఫండ్ సంస్థా నెలనెలా తన వెబ్‌సైట్‌లో పోర్ట్‌ఫోలియో, అంటే మన డబ్బు ఏ కంపెనీల్లో పెట్టిందో చెప్పే జాబితా, పెట్టాలి. ఆ ఎక్సెల్ ఫైల్ దించుకుని మీ స్కీమ్ పేరున్న షీట్ తెరవండి. ఒక వరుసలో కంపెనీ పేరు, పక్కన పరిశ్రమ, ఎన్ని షేర్లు, విలువ ఎంత, చివర్లో మొత్తం ఫండ్‌లో ఎంత శాతం అని ఉంటాయి. పరిశ్రమ గడిని కిందికి చదువుకుంటూ వెళ్లండి. మీరు వద్దనుకున్నవాటి పక్క శాతాలు కూడండి.

నిఫ్టీ 50 సూచీలోని 50 పెద్ద కంపెనీల షేర్లనే కొనే ఇండెక్స్ ఫండ్ అంటే ఏ గొడవా లేనిదనుకుంటాం. ఆ సూచీలో బొగ్గు తవ్వే కోల్ ఇండియా, బొగ్గుతో కరెంటు తీసే ఎన్‌టీపీసీ, సిగరెట్లు అమ్మే ఐటీసీ ఉన్నాయి. ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన చూసి ఎంచుకుంటామనేవి) అని పేరున్న ఫండ్లనూ ఇలాగే చూడాలి, ఎందుకంటే ఏది మంచి కంపెనీ అన్నదానికి వాళ్ల కొలత వేరు, మీ కొలత వేరు. పీఎఫ్ మాత్రం మన చేతిలో లేదు, దాని గురించి టెన్షన్ పడకండి.

4. మీ మాట మీద ఎవరినీ ముంచకండి

అన్నిటికంటే ముఖ్యం ఇదే. జనం దగ్గర డిపాజిట్లు పోగేసిన అగ్రిగోల్డ్ కుప్పకూలినప్పుడు డబ్బు కట్టినవాళ్లు ఏజెంట్లనే నిలదీశారు. ఆ ఏజెంట్లలో చాలామంది వాళ్ల ఊరివాళ్లే. కమిషన్ కోసం పిన్నినో, బావనో ఏదైనా స్కీమ్‌లో చేర్పించే ముందు రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఆ సంస్థకి అనుమతి ఉందో లేదో చూడండి. అనుమతి లేని డిపాజిట్ స్కీమ్‌లో తెలిసి తెలిసి అబద్ధం చెప్పి చేర్పిస్తే 2019 చట్టం ప్రకారం అది నేరం. చిట్టీ అయితే రిజిస్టర్ అయిందా అని అడగండి, నిర్వాహకుడి కమిషన్ 7 శాతం దాటకూడదు.

డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఒక మాట తప్పకుండా చెప్పండి. నెలకింత ఇస్తాం, నీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ వాడుకుంటాం అని ఎవరడిగినా ఇవ్వకూడదు. ఎవరో ముసలాయన్ని మోసం చేసి లాగిన డబ్బు ఆ ఖాతాలోంచే దాటిపోతుంది.

5. పాతవి ఒక్కసారిగా అమ్మేయకండి

ముందు సిప్ (నెలనెలా ఫండ్‌లో కట్టే వాయిదా) ఆపి, కొత్త వాయిదాలు నచ్చిన ఫండ్‌లోకి మళ్లించండి. పాత యూనిట్లకి ఎగ్జిట్ లోడ్, అంటే తొందరగా అమ్మితే కోసుకునే రుసుం, ఉందేమో చూసుకోండి. ఈక్విటీ ఫండ్‌ని ఏడాది దాటాక అమ్మితే ఏటా 1.25 లక్షలకి మించిన లాభం మీదే 12.5 శాతం పన్ను పడుతుంది, కాబట్టి కొద్దికొద్దిగా బయటికి రావచ్చు. నేరుగా షేర్లున్నవాళ్లు అమ్మకపోయినా చేయగల పని ఒకటుంది: కంపెనీ వార్షిక సమావేశానికి ముందు ఈ-ఓటింగ్ మెయిల్ వస్తుంది, దాన్ని తీసేయకుండా తీర్మానాలు చదివి ఓటు వేయండి. ఒక్క షేరున్నా ఓటు ఉంటుంది.