మాట మూలం పట్టుకోవడం, 4వ పాఠం: ఓర్దా

ఇప్పుడున్న అర్థాన్ని వెనక్కి మోసుకెళ్లి పాత మాటకి అంటించకూడదు, ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది అదే. ఇంగ్లీషులో మూక అనే అర్థమున్న 'హోర్డ్' ఈ ఓర్దా నుంచే వచ్చింది. గోల్డెన్ హోర్డ్ (పాత మంగోల్ రాజ్యం ఒకటి) అనగానే గుర్రాల మీద విరుచుకుపడే మూక కళ్లముందుకొస్తుంది కదా, ఆ బొమ్మని కాసేపు పక్కన పెట్టండి.

ముందు పాత వాడుక వెతకాలి. మంగోలియాలోని ఓర్ఖోన్ లోయలో కుల్ తెగిన్ అనే తుర్కిక్ రాజకుమారుడి పేరుతో 732 నాటి రాతి శాసనం ఉంది, పాత తుర్కిక్ భాషలో. శత్రువులు 'ఓర్దు' మీద పడితే కుల్ తెగిన్ తెల్ల గుర్రమెక్కి తొమ్మిదిమందిని పొడిచాడట, ఓర్దుని మాత్రం వదల్లేదట. అతను లేకపోతే మా అమ్మా అక్కలూ కోడళ్లూ బానిసలయ్యేవాళ్లని కుల్ తెగిన్ అన్న, రాజు బిల్గె ఖగాన్, చెప్పుకుంటాడు అందులో. అంటే ఓర్దు ఇక్కడ మూక కాదు, రాజు విడిది, ఇంటివాళ్లంతా ఉన్న చోటు. నాకు ఈ వాక్యం చదివిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత, అందంగా కుదిరిపోయే వివరణ దగ్గర ఆగి చూడాలి. 1253లో మంగోలుల దగ్గరికి బయల్దేరిన క్రైస్తవ సన్యాసి విలియం ఆఫ్ రుబ్రుక్, నాయకుడు ఎప్పుడూ తన జనం నడుమే ఉంటాడు కాబట్టి ఓర్దా అంటే 'మధ్య' అని రాసుకున్నాడు. తుర్కిక్‌లో మధ్యని 'ఓర్తా' అంటారు, ఆ రెండు మాటలూ ఆయన చెవిలో కలిసిపోయి ఉండొచ్చు. వినడానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టాలైపోవు.

ఇక మాట నడిచిన దారి. మంగోలియన్‌లో 'ఓర్దొన్' అంటే ఇప్పటికీ రాజభవనం. టర్కీలో 'ఓర్దు' అంటే సైన్యం. పోలిష్‌లో ముందు ఒక 'హ' చేరి 'హోర్దా' అయింది, అక్కణ్ణుంచి పడమటికి వెళ్లేసరికి మూకగా దిగజారింది, ఎందుకంటే అక్కడివాళ్లు ఆ విడిదిలో ఎప్పుడూ కూర్చోలేదు, దాన్నుంచి వచ్చిన దాడే చూశారు. మన వైపు వచ్చిన కొమ్మ మాత్రం మర్యాదగానే ఉంది: ఢిల్లీ మొగల్ దర్బారుని 'ఉర్దూ-ఎ-ముఅల్లా' అనేవాళ్లు, అక్కడి భాష కాబట్టి ఉర్దూ. సైనికుల డేరాల్లో పుట్టింది కాబట్టి ఆ పేరు అనే కథ మనందరం విన్నదే, కానీ పేరు దర్బారు నుంచి వచ్చింది.

అభ్యాసం: మన 'పాళెం' తీసుకోండి. దండు విడిసిన చోటు అనే అర్థం నిఘంటువులో దొరుకుతుంది. మీకు తెలిసిన పాలెం ఊళ్లు ఐదు రాసి, వాటిలో ఏది నిజంగా దండు విడిది అయ్యుంటుందో, ఏ ఆధారంతో అలా అంటున్నారో రాయండి. అయిదో పాఠం ఆ ఊళ్లతోనే మొదలుపెడదాం.