గురి కుదరాలంటే మౌస్ అమరికలు ఎలా ఉండాలి

కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ వంటి తుపాకీ ఆటల్లో గురి కుదరాలంటే, చెయ్యి ఎంత జరిగితే తెరపై చూపు ఎంత తిరుగుతుందన్నది ప్రతిసారీ ఒకేలా ఉండాలి. పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఇంటిల్లిపాదీ ఒకే కంప్యూటర్ వాడుకుంటున్నా, నెట్ సెంటర్‌లో రోజుకో సీటులో కూర్చుంటున్నా ముందుగా దెబ్బతినేది ఈ నిలకడే.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ అండ్ డివైసెస్, మౌస్, అడిషనల్ మౌస్ సెట్టింగ్స్ మీదుగా పాయింటర్ ఆప్షన్స్‌కు వెళ్లండి. అక్కడ ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ ఎదుట ఉన్న టిక్కు తీసేయండి. అది ఉన్నంతకాలం అదే ఐదు సెంటీమీటర్లు మెల్లగా జరిపితే బాణం గుర్తు కొద్దిగానూ, విసురుగా జరిపితే ఎక్కువగానూ కదులుతుంది కనుక చేతికి కొలత అలవడదు. అక్కడే ఉన్న పాయింటర్ వేగం స్లైడర్‌ను 11 మెట్లలో నడిమిదైన ఆరో మెట్టు మీద ఉంచండి. ఆటలో ‘రా ఇన్‌పుట్’ ఉంటే తప్పక ఆన్ చేయండి. అప్పుడు విండోస్ అమరికల ప్రభావం ఆట మీద పడదు.

తరువాత డీపీఐని, అంటే మౌస్ ఒక అంగుళం జరిగితే ఎన్ని మెట్లుగా లెక్కిస్తుందో చెప్పే అంకెను, 800 వద్ద స్థిరపరచి, ఇకపై ఆటలోని సెన్సిటివిటీని (మౌస్ కదలికకు చూపు ఎంత తిరగాలో చెప్పే అంకెను) మాత్రమే మార్చండి. మౌస్ పెట్టె మీద వేలల్లో అచ్చువేసే డీపీఐ అంకెలకూ గురికీ సంబంధం లేదు. 800 డీపీఐతో కౌంటర్ స్ట్రైక్ 2లో సెన్సిటివిటీ 1 అయితే ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ దాదాపు 52 సెంటీమీటర్లు జరగాలి, 2 అయితే 26 చాలు. మీ బల్ల వెడల్పును టేపుతో కొలిచి ఈ రెండింటి నడుమ మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. వాలరెంట్‌కు మారేటప్పుడు కౌంటర్ స్ట్రైక్ సెన్సిటివిటీ సంఖ్యను 3.18తో భాగించండి.

సరిచూసుకోవడానికి ప్యాడ్ ఎడమ అంచున బరువైన పుస్తకం అడ్డుపెట్టి, మౌస్‌ను దానికి ఆనించి, ఆటలో గోడ మీది ఒక మచ్చకు గురిపెట్టండి. మౌస్‌ను పైకెత్తకుండా కుడికి వేగంగా జరిపి, మెల్లగా తిరిగి పుస్తకం దాకా తీసుకురండి. గురి మచ్చకు బాగా దూరంగా ఆగితే, చేతి విసురును బట్టి కదలికను మార్చే వేగవృద్ధి ఇంకా ఎక్కడో పనిచేస్తున్నట్టే.

పోలింగ్ రేటు 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 అయితే మిల్లీసెకనుకు ఒకసారి మౌస్ కబురు పంపుతుంది. 1000 పెట్టండి, పాత యంత్రంలో ఆట తడబడితే 500కు దించండి.

వానాకాలంలో రాయగడ, కొరాపుట్ వైపు గుడ్డ ప్యాడ్ చెమ్మ పీల్చుకుని మౌస్‌ను పట్టేస్తుంది. అప్పుడు సెన్సిటివిటీ పెంచకండి, ప్యాడ్‌ను ఫ్యాను కింద ఆరబెట్టండి.