ఇంట్లో కూర్చుని మ్యూజియం చూడటం ఎలా? ఒక్క శిల్పంతో మొదలుపెట్టండి

ఆన్‌లైన్ మ్యూజియంలో పిల్లలు ఎక్కువగా చేసే పని స్క్రోల్ చేయడం. గబగబా బొమ్మలన్నీ దాటేస్తారు, బయటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు. ఇందులో వాళ్ల తప్పేం లేదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ఒక్కటే 2021లో 4,80,000కు పైగా వస్తువుల వివరాలను వెబ్‌సైట్‌లో పెట్టింది. అంత రాశి ఎదురైతే పెద్దవాళ్లకైనా ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు.

అందుకే నా సలహా: ఒక్క కళాఖండాన్ని ఎంచుకోండి. మ్యూజియం పేజీ, వీడియో, ఆట, అన్నీ దాని చుట్టూ తిరగాలి. ఫోన్, నోటుబుక్కు, పెన్సిలు ఉంటే చాలు. కింద చెప్పిన సైట్లేవీ చూడటానికి డబ్బు అడగవు.

1. మీ ఊరికి దగ్గరి వస్తువును ఎంచుకోండి

మోనాలిసాతోనే మొదలుపెట్టాలనేం లేదు. ఇక్కడ అమరావతి శిల్పాన్ని ఉదాహరణగా తీసుకుందాం. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో కలెక్షన్ విభాగానికి వెళ్లి, వెతికే పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో అమరావతి అని టైప్ చేయండి. ఫొటోలున్న వస్తువులు మాత్రమే వచ్చేలా ఫిల్టర్ పెట్టండి. వచ్చినవాటిలో రెండు వైపులా చెక్కిన ఒక పలక ఉంటుంది. స్తూపం కింది గుండ్రటి భాగానికి తొడిగిన పలక అది. ఒక వైపు స్తూపం బొమ్మ, రెండో వైపు చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం కనిపిస్తాయి. దాన్ని తెరవండి.

2. చదవకండి, ముందు చూడండి

ఈ అడుగును ఎవరూ దాటేయొద్దు. కింద రాసిన వివరాల జోలికి పోకుండా ఐదు నిమిషాలు బొమ్మనే చూడండి. జూమ్ చేసి నాలుగు మూలలకూ వెళ్లండి. స్తూపం వైపు సింహాలు ఎక్కడున్నాయి? ముందు భాగంలో వరుసగా నిలబడ్డ స్తంభాలెన్ని? రెండో వైపు మనుషులందరూ చేతులు జోడించి దేనివైపు తిరిగి ఉన్నారు? ఆసనం మీద ఎవరూ లేరేంటి? కనిపించింది కనిపించినట్టు నోటుబుక్కులో రాయండి. అర్థం కానివి ప్రశ్నలుగా రాయండి. ముందే వివరణ చదివేస్తే కన్ను ఆ వివరణలో ఉన్నదాన్నే వెతుకుతుంది, మిగతాది వదిలేస్తుంది.

పిల్లల పక్కన కూర్చున్న పెద్దలు ఈ ఐదు నిమిషాలూ జవాబులు చెప్పకుండా ఉండాలి. అది కొంచెం కష్టమే!

3. ఇప్పుడు వివరాలు చదవండి

ప్రశ్నలకు జవాబులు ఒక్కొక్కటే దొరుకుతాయి. ఆ అయిదు స్తంభాలను ఆయక స్తంభాలంటారు, ఆంధ్ర ప్రాంతపు స్తూపాల ప్రత్యేకత అది. ఆసనం ఖాళీగా ఉండటానికీ కారణముంది. తొలినాళ్ల బౌద్ధ శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. చెట్టు, ఆసనం, పాదముద్రలతోనే ఆయన ఉన్నాడని చెప్పారు. చెట్టున్న వైపు సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దానిది, స్తూపం ఉన్న వైపు క్రీ.శ. 3వ శతాబ్దానిది. అంటే పాత పలకనే తిప్పి, కొన్ని వందల ఏళ్ల తర్వాతి శిల్పి దాని వెనకవైపు చెక్కాడు. రాయి మన పల్నాడు సున్నపురాయి.

వస్తువు నంబరు కూడా చూడండి. అమరావతి శిల్పాల నంబర్లు 1880,0709తో మొదలవుతాయి. 1880 అవి ఆ మ్యూజియం లెక్కల్లోకి ఎక్కిన సంవత్సరం. అంతకుముందు 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి వీటిని తవ్వించి మద్రాసుకు పంపాడు. అక్కణ్ణుంచి ఓడలో లండన్ చేరాయి. కృష్ణ ఒడ్డున ఉండాల్సినవి అంత దూరంలో ఉన్నాయంటే నాకు బాధగానే ఉంటుంది. ఈ ప్రయాణం గురించి క్లాసులో తప్పకుండా మాట్లాడుకోవాలి. స్కూలు ప్రాజెక్టులో ఫొటో వాడితే మ్యూజియం పేరు, ఈ నంబరు రెండూ రాయండి.

4. అసలు సైజు తెలుసుకోండి

స్క్రీన్ మీద అన్నీ అరచేతి సైజులోనే కనిపిస్తాయి. మోనాలిసా ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో వేసిన ‘నైట్ వాచ్’ చిత్రం వెడల్పు నాలుగున్నర మీటర్లు. ఫోన్‌లో రెండూ ఒకటే! అందుకే పేజీలో ఇచ్చిన కొలతలు తీసుకుని, టేపుతో కొలిచి నేల మీద సుద్దముక్కతో గీయండి. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ యాప్‌లో ఆర్ట్ ప్రొజెక్టర్ అనే సదుపాయం ఉంది, కెమెరా ద్వారా బొమ్మను అసలు సైజులో మీ గదిలో నిలబెట్టి చూపిస్తుంది. అన్ని ఫోన్లలోనూ పనిచేయదు. పనిచేయకపోతే సుద్దముక్క ఉండనే ఉంది.

‘నైట్ వాచ్’ను ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 717 గిగాపిక్సెల్ (ఒక గిగాపిక్సెల్ అంటే వంద కోట్ల చుక్కలు) ఫొటోగా 2022లో వెబ్‌సైట్‌లో పెట్టింది. జూమ్ చేస్తూ పోతే రంగులో పడ్డ పగుళ్లు కూడా కనిపిస్తాయి. వైఫై ఉన్నప్పుడే తెరవండి, మొబైల్ డేటా త్వరగా అయిపోతుంది.

5. వీడియో ఒక్కటి చాలు

బ్రిటిష్ మ్యూజియం యూట్యూబ్ చానల్లో అక్కడ పనిచేసే క్యూరేటర్లే (మ్యూజియం వస్తువులను చూసుకునే నిపుణులు) వస్తువుల గురించి మాట్లాడతారు. కళా చరిత్ర చెప్పే స్మార్ట్‌హిస్టరీ అనే సైట్ వీడియోల్లో ఇద్దరు ఒక కళాఖండం ముందు నిలబడి మాట్లాడుకుంటారు, పాఠంలా అనిపించదు. ఇంగ్లిష్ వేగం ఇబ్బందైతే స్పీడ్ 0.75కు తగ్గించి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మీ ప్రశ్నల్లో ఒకదానికి జవాబు దొరగ్గానే ఆపేసి రాసుకోండి.

6. ఆటలు

ఆటలన్నీ ఒకటి కాదు. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో పజిల్ పార్టీ నాకు బాగా నచ్చింది. ముక్కలు కలపాలంటే రంగు ఎక్కడ మారుతోందో, గీత ఎటు పోతోందో చూడక తప్పదు. రెండు వస్తువుల్లో ఏది ముందుదో చెప్పే వాట్ కేమ్ ఫస్ట్ కూడా మంచిదే, కాలం మీద అంచనా వస్తుంది. చిన్న తరగతుల వాళ్లకు బ్రిటన్‌లోని టేట్ ఆర్ట్ మ్యూజియం నడిపే టేట్ కిడ్స్ సైట్‌లో ఆటలు, క్విజ్‌లు ఉన్నాయి. ముఖం ఫొటో అడిగేవాటిని మాత్రం పిల్లలు ఇంట్లో చెప్పకుండా ఆడొద్దు.

ఇక అన్నిటికన్నా సరదా ఆటకు యాప్ అక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో అమెరికాలోని గెటీ మ్యూజియం, ఇంట్లో ఉన్న వస్తువులతో ప్రసిద్ధ చిత్రాలను మళ్లీ కట్టి ఫొటో తీయమని అందరినీ అడిగింది. దుప్పట్లు, గిన్నెలు, అమ్మమ్మ చీర, ఏదైనా పనికొస్తుంది. క్లాసులో నలుగురైదుగురు కలిసి చేస్తే ఎవరు ఎటు చూడాలి, వెలుతురు ఎటు నుంచి పడాలి అని మొదలుపెట్టి చిత్రాన్ని పూర్తిగా విప్పేస్తారు.

7. తర్వాతి వస్తువు

రుచి తగిలాక న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియం సైట్‌లో కలంకారీ అని వెతకండి. 1640-50 ప్రాంతంలో గోల్కొండ రాజ్యంలో తయారైన రుమాలు దొరుకుతుంది. దాని నిండా మనుషులు, జంతువులు, పూలు. దాన్ని చూశాక శ్రీకాళహస్తి కలంకారీ వీడియో ఒకటి వెతికి చూడండి. ఇనుపముక్కలను బెల్లం నీళ్లలో నానబెట్టి నలుపు తీసే పద్ధతి అందులో కనిపిస్తే, ఆ పాత రుమాలు మీద గీసిన నల్ల గీత ఇంకోలా కనిపిస్తుంది.

సెలవుల్లో వీలైతే నోటుబుక్కు పట్టుకుని అసలు శిల్పాల దగ్గరికే వెళ్లండి. అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ప్రత్యేక గ్యాలరీయే ఉంది. ఎగ్మూరుకైనా, హైదరాబాద్ సాలార్‌జంగ్‌కైనా శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు.