పసిఫిక్ యుద్ధాన్ని బడి మైదానంలో ముగ్గేసి చెప్పే పద్ధతి

రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో హిట్లర్ వరకు పిల్లలు బాగానే వస్తారు. జపాన్, అమెరికాల దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు గుర్తుండేవి రెండే పేర్లు: పెర్ల్ హార్బర్, హిరోషిమా. ఆ రెంటికీ మధ్య మూడేళ్ల ఎనిమిది నెలలు ఉన్నాయి. ఆ కాలం తెలియకపోతే హిరోషిమా మీద బాంబు వేసిన విమానం ఎక్కడి నుంచి ఎగిరింది, అంత దూరం ఎలా రాగలిగింది అన్నది అర్థం కాదు.

తప్పు పిల్లలది కాదు. మన తరగతి గోడకు తగిలించే ప్రపంచ పటం చూడండి. పసిఫిక్ మహాసముద్రం సరిగ్గా మధ్యకి తెగిపోయి ఉంటుంది. జపాన్ కుడి అంచున, పెర్ల్ హార్బర్ ఉన్న హవాయి ఎడమ అంచున. ఆ పటం ముందు ఎంతసేపు చెప్పినా జపాన్, అమెరికా ఒకే సముద్రానికి చెరో ఒడ్డున ఉన్నాయని వాళ్లకు తట్టదు. అందుకే చంద్రగిరి దగ్గర నేను పనిచేసే హైస్కూల్లో ఈ పాఠాన్ని గ్రౌండులోకి తీసుకెళ్తాను. ముందు దూరాలు, తేదీలు తర్వాత.

కావలసినవి: రెండు కిలోల ముగ్గుపిండి, ఒక లావు పురికొస, పాత అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు. సంక్రాంతి అయిపోయాక ముగ్గురంగులు చవగ్గా దొరుకుతాయి, ఎరుపు, నీలం ఒక్కో ప్యాకెట్ తీసిపెట్టుకోండి. మా దగ్గర పదింటికల్లా ఎండ మండిపోతుంది కాబట్టి మొదటి పీరియడ్ అడిగి తీసుకోండి. నేల మీద ముందుగా కళ్లాపి చల్లించండి, లేకపోతే గాలికి దీవులన్నీ కలిసిపోతాయి.

కొలత సులువుది పెట్టుకోవాలి. ఒక అడుగు అంటే 100 కిలోమీటర్లు. పురికొసకు అడుగుకో ముడి వేయమని పిల్లలకే ముందురోజు ఇవ్వండి. డెబ్బై అడుగుల తాడు చాలు. ఉత్తరం ఎటో చూసుకుని, గ్రౌండుకి వాయవ్య మూల ఒక ఇటుక పెట్టండి. అది టోక్యో. అక్కడి నుంచి తూర్పుగా, కాస్త దక్షిణానికి ఒరిగి 62 అడుగులు లాగితే హోనలూలు, అంటే పెర్ల్ హార్బర్ ఉన్న చోటు. టోక్యో నుంచి దాదాపు నేరుగా దక్షిణానికి ఇరవై మూడున్నర అడుగులు పోతే సైపాన్ దీవి. వాటి మధ్యలో, టోక్యోకి 12 అడుగుల దూరంలో ఇవో జిమా. టోక్యో నుంచి దక్షిణానికే, కాస్త తూర్పుకి ఒరిగి, 46 అడుగులకు జపాన్ పెద్ద స్థావరం రబౌల్, 54 అడుగులకు గ్వాడల్‌కెనాల్. క్వాజలీన్‌కి రెండు తాళ్లు కావాలి: సైపాన్ నుంచి 25 అడుగులు, హోనలూలు నుంచి 39 అడుగులు, దక్షిణం వైపు రెండూ కలిసిన చోట అట్టముక్క పెట్టండి. దానికి ఆగ్నేయంగా 10 అడుగులకు తరావా. భూమి గుండ్రంగా ఉంటుంది, మన గ్రౌండు చదునుగా ఉంటుంది కాబట్టి అడుగో రెండడుగులో తేడాలొస్తాయి. ఆ మాట పిల్లలకు చెప్పేయండి. లెక్కల టీచరు కూడా వస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న: జపాన్ ఎందుకు మొదలుపెట్టింది? ఒక పిల్లను టోక్యో దగ్గర నిలబెట్టి, ఆమె చేతిలో ఖాళీ కిరసనాయిలు డబ్బా పెట్టండి. చైనాలో యుద్ధం చేస్తున్న జపాన్‌కి నూనెలో 80 శాతం దాకా అమెరికా నుంచే వచ్చేది. 1941 ఆగస్టులో అమెరికా అది ఆపేసింది. మిగిలిన నూనె ఎక్కడుంది? ఇప్పటి ఇండొనేషియాలో. అక్కడికి పోయే దారిలో సింగపూర్‌లో బ్రిటిష్ వాళ్లు, ఫిలిప్పీన్స్‌లో అమెరికన్లు. అక్కడికి వెళ్తే అమెరికా నౌకాదళం వెనక నుంచి వస్తుంది కాబట్టి, దాన్ని ముందే దెబ్బతీయాలని పెర్ల్ హార్బర్ మీద పడ్డారు. ఇంత చెప్పాక తేదీ రాయించండి: 1941 డిసెంబర్ 7. జపాన్ లెక్కలో అది 8వ తేదీ. అంతర్జాతీయ దినరేఖను ఇక్కడే ఒక గీతగా గీస్తే మళ్లీ జాగ్రఫీ పీరియడ్‌లో చెప్పక్కర్లేదు.

ఆరు విమానవాహక నౌకలు, 350కి పైగా విమానాలు, 2,403 మంది అమెరికన్ల చావు. అయితే ఆ రోజు అమెరికా విమానవాహక నౌకలు ఒక్కటి కూడా రేవులో లేవు. దీన్ని గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఆర్నెల్లకు మిడ్వే దీవి దగ్గర తిరిగి కొట్టింది విమానవాహక నౌకలే.

మిడ్వే హోనలూలు నుంచి టోక్యో వైపు 21 అడుగులు. ఇక్కడ పిల్లలు కళ్లార్పకుండా వినే కథ ఒకటుంది. జపాన్ రహస్య సందేశాల్లో తర్వాతి దాడి ‘ఏఎఫ్’ అనే చోట అని ఉంది. అది మిడ్వేయే అని హవాయిలో సంకేతాలు విప్పే అమెరికా అధికారి రోష్‌ఫోర్ట్ బృందం అనుమానం. తేల్చుకోడానికి మిడ్వే నుంచి ‘మా మంచినీళ్ల యంత్రం పాడైంది’ అని అందరికీ వినబడేలా మామూలు భాషలో పంపించారు. త్వరలోనే జపాన్ సందేశంలో ‘ఏఎఫ్‌లో మంచినీళ్లు తక్కువ’ అని వచ్చింది. 1942 జూన్ 4న అమెరికా విమానాలు కాచుకుని ఉన్నాయి. పెర్ల్ హార్బర్ మీదికి వచ్చిన ఆరు నౌకల్లో అకాగి, కాగా, సోర్యు, హిర్యు నాలుగూ మునిగిపోయాయి. అమెరికా యార్క్‌టౌన్‌ని పోగొట్టుకుంది.

గ్వాడల్‌కెనాల్‌ని త్వరగా ముగించండి. జపాన్ అక్కడ విమానాల రన్‌వే కడుతోంది, 1942 ఆగస్టు 7న అమెరికన్లు దిగి దాన్ని పట్టుకున్నారు, ఆర్నెల్లు పోరాడి నిలుపుకున్నారు. పిల్లలు పట్టుకోవాల్సింది రన్‌వే అన్న మాట. ఆ తర్వాత ఏ దీవి పేరు వచ్చినా ‘అక్కడ రన్‌వే ఉందా?’ అని వాళ్లే అడగాలి.

అమెరికన్లు రెండు దారుల్లో వచ్చారు: న్యూగినీ మీదుగా ఫిలిప్పీన్స్ వైపు జనరల్ మెకార్థర్, సముద్రం మధ్యలోంచి అడ్మిరల్ నిమిట్జ్. ఒకటి ఎర్రరంగుతో, ఒకటి నీలంతో గీయించండి. రబౌల్ దగ్గర మాత్రం గీత చుట్టూ తిరిగి పోవాలి. అక్కడ లక్షకు దగ్గరగా జపాన్ సైనికులున్నారు. అమెరికన్లు దాని మీద దిగనే లేదు. గాలిలోంచి కొట్టి, ఓడలు రాకుండా చేసి వదిలేశారు. యుద్ధం అయిపోయేదాకా ఆ సైన్యం అక్కడే ఉండిపోయింది. నా దృష్టిలో పాఠం మొత్తంలో ముఖ్యమైన చోటు ఇదే. బలమైన చోటును వదిలేసి, కావలసిన చోటును మాత్రమే పట్టుకోవడం వాళ్ల పద్ధతి.

తరావా దగ్గర ఆగండి. పోరాటం జరిగిన బెటియో దీవి పొడవు మూడు కిలోమీటర్లే. 1943 నవంబర్ 20న సముద్రం పోటు తక్కువగా ఉంది. పడవలకు దాదాపు నాలుగడుగుల నీళ్లు కావాలి, ఒడ్డుకు దూరంగా ఉన్న పగడపు దిబ్బల మీద అన్ని నీళ్లు లేవు. పడవలు అక్కడే ఆగిపోయాయి. సైనికులు రొమ్ముల్లోతు నీళ్లలో, తుపాకీ గుళ్ల మధ్య, అర కిలోమీటరు నడిచి రావాల్సి వచ్చింది. మూడు రోజుల్లో దాదాపు వెయ్యి మంది అమెరికన్లు చనిపోయారు. అవతల కొరియా కూలీలతో కలిపి నాలుగున్నర వేలకు పైగా ఉంటే, ప్రాణాలతో పట్టుబడిన జపాన్ సైనికులు 17 మంది. ఇక్కడ ఒక పిల్లాడు నన్ను అడిగాడు, ‘మేడమ్, ఈ చిన్న దీవి కోసరం అంతమందా?’ అని. నేను జవాబు చెప్పలేదు. తాడు చేతికిచ్చి తరువాతి దీవికి పంపించాను. మీరూ అదే చేయండి, జవాబు సైపాన్‌లో ఉంది.

సైపాన్‌లో తాడు కొసను ఒకరు పట్టుకోవాలి. ఇంకొకరు ఇరవై మూడున్నర అడుగుల ముడి పట్టుకుని చుట్టూ తిరగాలి, ఆ వృత్తం టోక్యోను తాకుతుంది. అదే తాడుతో క్వాజలీన్ నుంచి తిరగమనండి, టోక్యో చాలా దూరంలో ఉండిపోతుంది. సైపాన్ నుంచి టోక్యో ఎంత దూరమో, తిరుపతి నుంచి శ్రీనగర్‌కు విమానం పోయే దూరం కూడా ఇంచుమించు అంతే. బాంబులు మోసుకుని అంత దూరం పోయి, నూనె నింపుకోకుండా తిరిగి రాగల విమానం బి-29. 1944 జూన్ 15న సైపాన్ మీద దిగి, జూలై 9కి పట్టుకున్నారు. జూలై 18న జపాన్ ప్రధాని టోజో రాజీనామా చేశాడు. నవంబర్ 24న అక్కడి నుంచి మొదటి బి-29లు టోక్యో మీదికి వెళ్లాయి. సైపాన్ పక్కనే టినియన్. 1945 ఆగస్టు 6న హిరోషిమాకు వెళ్లిన విమానం ఎగిరింది ఆ దీవి నుంచే.

సైపాన్‌కీ టోక్యోకీ మధ్యలో ఉన్న ఇవో జిమా ఎందుకు కావాల్సి వచ్చిందో ఇక పిల్లలే చెప్తారు. దెబ్బతిన్న విమానాలు దిగడానికి, యుద్ధవిమానాలు తోడు పోవడానికి. ఆ దీవి కొసకు కొస 8 కిలోమీటర్లు. అలిపిరి నుంచి కొండకు నడిచిన పిల్లలకు ఆ దూరం కాళ్లతో తెలుసు. అంత చోటు కోసం అయిదు వారాలు, దాదాపు 6,800 మంది అమెరికన్ల ప్రాణాలు, ఇరవై వేల దాకా జపాన్ వాళ్లవి. జెండా నాటే ఫొటో చూపిస్తే, అది అయిదో రోజుదని తప్పక చెప్పండి. చాలామంది అది ముగింపు అనుకుంటారు.

ఒక జాగ్రత్త. గ్రౌండులో పిల్లలు రెండు జట్లయిపోతారు, కేకలు వేస్తారు, చప్పట్లు కొడతారు. దాన్ని మొదట్లోనే ఆపాలి. ఎవర్నీ అమెరికా, జపాన్ అని విడదీయొద్దు, దీవుల పేర్లే ఇవ్వండి. జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో సైనికులే కాదు, మామూలు జనం లక్ష దాకా చనిపోయారని, 1945 మార్చి 9 రాత్రి టోక్యోలో మంటలు రేపే బాంబులు వేస్తే ఒక్క రాత్రిలో లక్ష మంది దాకా కాలిపోయారని నిదానంగా చెప్పండి. హిరోషిమాలో ఆ ఏడాది చివరికి 1,40,000 మంది, నాగసాకిలో 70,000 మంది. బాంబు వేయడం సరైనదా కాదా అని చేతులెత్తించి ఓటు పెట్టే టీచర్లున్నారు. నాకు అది నచ్చదు. ఆగస్టు 8న సోవియట్ యూనియన్ కూడా జపాన్ మీద యుద్ధం ప్రకటించిందని, 15న చక్రవర్తి రేడియోలో లొంగుబాటు మాట చెప్పాడని, సెప్టెంబర్ 2న మిస్సోరి నౌక మీద సంతకాలయ్యాయని చెప్పి, ఆలోచించుకోడానికి టైం ఇవ్వండి.

చివరి పది నిమిషాలు మన వైపు ఉంచండి. టోక్యోకి హోనలూలు ఎంత దూరమో మద్రాసు కూడా ఇంచుమించు అంతే. గ్రౌండు చాలకపోతే టోక్యో నుంచి పడమటి గోడ వైపు చెయ్యి చూపిస్తే చాలు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు నుంచి జనం భయంతో లోపలి ఊళ్లకు తరలిపోయారు. మన ప్రాంతం ఉన్న అప్పటి చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బర్మా జపాన్ చేతికి పోయేసరికి అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం 1943 నుంచి అమెరికా యుద్ధవిమానాల మరమ్మతు డిపోగా నడిచింది. ‘మీ అవ్వాతాతలు వాళ్ల పెద్దవాళ్ల దగ్గర ఆ కరువు రోజుల గురించి ఏమైనా విన్నారా, అడిగి రాసుకు రండి’ అని పంపండి. రేషన్ బియ్యం గురించి, మద్రాసు నుంచి వచ్చి తలదాచుకున్న చుట్టాల గురించి ఏదో ఒకటి దొరుకుతుంది.

మర్నాడు తరగతిలో పటం లేకుండా ఒకే ప్రశ్న ఇవ్వండి: ‘అమెరికన్లు సైపాన్ మీద దిగారు, రబౌల్ మీద దిగలేదు. ఎందుకు?’ తేదీ ఒకటి తప్పు రాసినా పర్వాలేదు. తాడు, రన్‌వే, దూరం ఈ మూడింట్లో రెండు జవాబులో ఉంటే పూర్తి మార్కులు వేసేయండి. లేని పిల్లల్ని మళ్లీ గ్రౌండుకి తీసుకెళ్లి, సైపాన్ తాడు ఇంకొకసారి తిప్పించండి.