వానలు పడకముందే మెయిన్ స్విచ్ పైకెక్కించండి

2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాననీళ్లు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. నెల తిరిగేసరికి బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి అప్పుడే 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కృష్ణే అంత నిండుగా ఉంటే, దానిలోకి మళ్లించే బుడమేరు నీళ్లు ఎటు పోతాయి?

టార్చిలైట్లు, కొవ్వొత్తుల సంగతి మీకు తెలుసు, వదిలేస్తున్నాను. అపార్ట్‌మెంట్లు చూసే పనిలో నాకు పదేపదే కనిపించే తప్పు ఒకటే. మీటర్ బోర్డు, మెయిన్ స్విచ్, జనరేటర్, మోటారు స్టార్టర్ అన్నీ సెల్లార్‌లోనే పెడతారు. నడుం లోతు నీళ్లు చేరితే చాలు, ఐదో అంతస్తులో వాళ్లకీ లిఫ్ట్ ఉండదు, ట్యాంకులో నీళ్లు ఉండవు. అంతకంటే ఘోరం, కరెంటు తీయాలంటే ఎవరో ఒకరు ఆ నీళ్లలోకే దిగాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ వాచ్‌మనే.

కాబట్టి ముందు బోర్డు ఎక్కడుందో చూడండి. పక్క గోడల మీద పాత నీటి చార ఎంత ఎత్తులో ఉందో కొలవండి. దానికి రెండు మూడు అడుగుల పైన ఉంటేనే బోర్డు భద్రం అనుకోండి. చార లేదని ధీమా వద్దు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజే 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. పాత లెక్కలతో వేసిన డ్రైన్లు అంత నీళ్లు లాగలేవు. మీటర్లు జరపాలంటే కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, టైమ్ పడుతుంది. ఇవాళే పెట్టండి.

ర్యాంప్ మొదట్లో కారు ఎక్కి దిగేలా వాలుగా గట్టు కట్టించండి. రోడ్డు మీద మళ్లీ మళ్లీ తారు పోసి ఎత్తు పెంచుతుంటారు, గట్టూ పెరగాలి.

నీళ్లు తోడే పంపు ఒకసారి నడిపి చూడండి. దాని స్టార్టర్ కూడా పైనే.

వాన జోరందుకుంటే లిఫ్ట్‌ను పై అంతస్తులో ఆపి కరెంటు తీసేయండి. నీళ్లు ముందు చేరేది లిఫ్ట్ కింద ఉండే గుంతలోకే.

సంపులో డ్రైనేజీ నీళ్లు కలిశాయని అనుమానం వస్తే మోటారు వేయొద్దు.

మునిగిన కారు స్టార్ట్ చేయొద్దు.

బండి కోసం సెల్లార్‌లోకి దిగొద్దు. తలుపు అవతల మీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే, మీటరు వెడల్పు తలుపు మీద దాదాపు 500 కిలోల బరువు పడుతుంది. లోపలున్నవాళ్లు నెట్టలేరు.

మెయిన్ స్విచ్ కోసమూ దిగొద్దు. వాచ్‌మన్‌ని అసలే దింపొద్దు. బోర్డు ఇంకా కిందే ఉందా? కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి లైన్ ఆపించండి.

వాచ్‌మన్ కుటుంబం సెల్లార్ గదిలో ఉంటోందా? హెచ్చరిక వచ్చిన రోజు రాత్రి వాళ్లను అక్కడ పడుకోనివ్వొద్దు. మీటింగ్ హాల్ తాళంచెవి ముందే వాళ్ల చేతికివ్వండి.